థార్ కింద గాలి ఎంత?

2020 అక్టోబరులో మహీంద్రా కొత్త థార్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు ఒకే బండికి రెండు రకాల చక్రాలు ఇచ్చింది. చవక రకానికి 16 అంగుళాల రిమ్ మీద 245/75 టైరు, ఖరీదు రకానికి 18 అంగుళాల అల్లాయ్ మీద 255/65 టైరు. ఈ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, ఎన్నో వంతు ఎత్తు ఉందో చెప్పే శాతం. లెక్క కడితే చవక థార్‌లో రిమ్ అంచుకీ నేలకీ మధ్య 184 మిల్లీమీటర్ల టైరు ఉంది. ఖరీదైన దాంట్లో 166. 2024 ఆగస్టులో ఐదు తలుపుల థార్ రాక్స్ వచ్చింది. దాని అన్నిటికన్నా పై రకానికి 19 అంగుళాల రిమ్, 255/60 టైరు. సైడ్‌వాల్ 153కి దిగింది. ధర ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా గాలి ఒక్కో మెట్టు దిగుతూ వచ్చింది. ఆ తర్వాత పని యజమానిది. దుకాణానికి వెళ్లి 20 అంగుళాల రిమ్ మీద 255/55 వేయిస్తే మిగిలేది 140 మిల్లీమీటర్లు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. 18, 19, 20 అంగుళాల రిమ్‌ల మీద పైన చెప్పిన టైర్లు వేసి మొత్తం చక్రం ఎత్తు కొలిస్తే మూడూ దాదాపు 789 మిల్లీమీటర్లే. రిమ్ పెరిగినంత మేరా టైరు పలచబడింది కాబట్టి ఇరుసు నేల నుంచి వెంట్రుకవాసి కూడా పైకి లేవలేదు. బండి ఎత్తు పెరగలేదు, రాయి తగలకుండా దాటే సత్తా పెరగలేదు. పెరిగింది లోహం, తగ్గింది గాలి. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో, అంటే మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల్లో తిరిగే ఫోర్ వీల్ డ్రైవ్ బండికి చక్రాలు మార్చాలన్న కోరికలో నాకు ఏ తప్పూ కనిపించదు. కానీ ఈ రోడ్ల మీద పెంచుకోవాల్సింది గాలిని. మన దగ్గర ఎక్కువగా పెరుగుతున్నది రిమ్. దారి తిరగబడింది.

బండి బరువుని మోసేది రబ్బరు అనుకుంటాం. నిజానికి మోసేది లోపల బంధించిన గాలి. రబ్బరూ, అందులోని దారాలూ, ఉక్కు తీగలూ ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. గుంత అంచు తగిలినప్పుడు ఆ సంచి వంగి దెబ్బని మింగుతుంది. వంగడానికి చోటు చాలకపోతే సైడ్‌వాల్ గుంత అంచుకీ రిమ్ అంచుకీ మధ్య రోట్లో పడ్డట్టు నలుగుతుంది. లోపలి దారాలు తెగుతాయి, పైకి ఏ గాయమూ కనిపించదు. కొన్నాళ్లకు పక్కన బుడగ లేస్తుంది. ఆ బుడగ ఉన్న టైరుకి ప్యాచ్ లేదు, వాడుకోవడానికీ లేదు. రోడ్డు దెబ్బ వల్ల వచ్చింది కాబట్టి మామూలుగా వారంటీ కూడా వర్తించదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఈ ప్రాంతంలో రోడ్డు అనేది ఎప్పుడూ పూర్తికాని పనే. గ్రానైటు గుట్టల మధ్య వేసిన దారిని ప్రతి కొత్త టవర్ కోసం, ప్రతి కేబులు కోసం, ప్రతి డ్రైనేజీ పైపు కోసం తవ్వి పూడుస్తూనే ఉన్నారు. పూడ్చినచోట తారు కుంగుతుంది, మ్యాన్‌హోల్ మూత చుట్టూ పదునైన అంచు తేలుతుంది, వాన పడితే ఆ అంచు నీటి కింద దాక్కుంటుంది. కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లది ఇంకో కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మన గేటెడ్ కమ్యూనిటీల ముందు ఎవరికి తోచినట్టు వాళ్లు పోసినవి అడుగు వెడల్పులోనే నిటారుగా లేస్తాయి. ఇలాంటి రోడ్డుకి ఎక్కువ గాలి కావాలని చెప్పడానికి ఇంజినీరింగ్ పట్టా అక్కర్లేదు.

పట్టా ఉన్నవాళ్లు కూడా అదే చెబుతున్నారు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒకే కారు నున్నటి తారురోడ్డు మీద 18 అంగుళాల చక్రాలతో పరుగెడుతుంది, కంకర దారి మీదికి రాగానే 15 అంగుళాలకి దిగుతుంది. రిమ్ తగ్గించి సైడ్‌వాల్ పెంచుతారు, ఎందుకంటే రాయి తగిలినప్పుడు కాపాడేది అదే. డాకార్ ర్యాలీలో అగ్రశ్రేణి టీ1 ప్లస్ బండ్లకి 37 అంగుళాల టైర్లు ఉంటాయి. చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ లోపల రిమ్ 17 అంగుళాలే. జీప్ కంపెనీ మన దేశంలో అమ్మే రాంగ్లర్‌లోనూ అంతే: రాళ్లూ బురదా దాటడానికి ప్రత్యేకంగా చేసిన రూబికాన్‌కి 17 అంగుళాల రిమ్, రోడ్డు వాడకానికి ఉద్దేశించిన రకానికి 18. మొరటు దారి కోసం డబ్బుకు వెనకాడకుండా బండి తయారుచేసే ప్రతిచోటా రిమ్ చిన్నదవుతూ టైరు లావవుతూ కనిపిస్తుంది. ‘ఆఫ్‌రోడ్ లుక్’ పేరుతో మన దుకాణాల్లో 20 అంగుళాల అల్లాయ్‌లు అమ్మడం ఆ అనుభవానికి పూర్తి విరుద్ధం.

ఇక రెండో రకం మార్పు: రిమ్ సంగతి పక్కన పెట్టి మొత్తం చక్రాన్నే పెద్దది చేయడం. దీంట్లో నిజమైన లాభం ఉంది, నిజమైన ఖర్చూ ఉంది. థార్‌కి చాలామంది కోరుకునే 285/70 ఆర్17 టైరు ఎత్తు దాదాపు 831 మిల్లీమీటర్లు, కంపెనీ ఇచ్చే 18 అంగుళాల సైజు కంటే 5.3 శాతం ఎక్కువ. పెరిగిన ఎత్తులో సగం, అంటే 21 మిల్లీమీటర్లు, ఇరుసు పైకి లేస్తుంది. సైడ్‌వాల్ దాదాపు 200 మిల్లీమీటర్లకు చేరుతుంది. ఇది లాభం. ఖర్చు దగ్గరికి వస్తే, చక్రం వ్యాసార్థం పెరిగిన మేరకు అదే పెడల్ ఒత్తిడికి నేల మీద పడే బ్రేకు బలం తగ్గుతుంది. లావు టైరు బరువు ఎక్కువ, ఆ బరువు ఇరుసుకి దూరంగా అంచున తిరుగుతుంది కాబట్టి కదిలించడమూ కష్టం, ఆపడమూ కష్టం. గేర్లన్నీ 5 శాతం పొడుగైనట్టే లెక్క: పికప్ మందగిస్తుంది, 4ఎల్‌లో, అంటే తక్కువ వేగపు ఫోర్ వీల్ డ్రైవ్ గేరులో, నత్తనడకన రాళ్లు దిగాల్సిన బండి కాస్త వేగంగా దిగుతుంది, ఏ పని కోసం ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నామో ఆ పనిలోనే ఇంజిన్ పట్టు సడలుతుంది. ఓడోమీటర్ తక్కువ తిరుగుతుంది. వంద కిలోమీటర్లు నడిస్తే 95 చూపుతుంది. ‘టైర్లు మార్చాక మైలేజీ పడిపోయింది’ అనే ఫిర్యాదులో కొంత భాగం ఈ మీటరు తేడాయే, మిగతాది మాత్రం నిజంగా తాగిన ఇంధనం. స్టీరింగ్ చివరిదాకా తిప్పితే టైరు ఫెండర్‌కో ఛాసిస్‌కో రుద్దుకుంటుంది. రుద్దుకోకుండా స్పేసర్లు వేసి చక్రాన్ని బయటికి నెడితే ఆ దూరపు బరువంతా వీల్ బేరింగ్ మీద, బాల్‌జాయింట్ మీద పడుతుంది. స్టెప్నీ మాటే చాలామందికి గుర్తుండదు. ఈ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు. 4హెచ్, అంటే మామూలు వేగపు ఫోర్ వీల్ డ్రైవ్, వేయగానే రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరిగేలా కట్టుబడిపోతాయి. నాలుగు చక్రాల్లో ఒకటి చిన్నదైతే గేర్లు ఒకదాన్నొకటి బిగదీసుకుంటాయి. కాబట్టి కొనాల్సింది నాలుగు కాదు, ఐదు టైర్లు. ఆ ఐదోదాని అదనపు బరువంతా వెనక తలుపు కీళ్ల మీద వేలాడుతుంది.

ఈ లెక్కలన్నీ విన్నాక ఐటీ కారిడార్ నుంచి వచ్చే మొదటి జవాబు వాన. 2020 అక్టోబరు వరదలు చూసిన నగరం ఇది. గంటసేపు వాన కురిస్తే బయోడైవర్సిటీ కూడలి, రాయదుర్గం దారులు చెరువులవుతాయి. అలాంటప్పుడు పెద్ద టైరు ఉంటే దాటేయవచ్చన్నది వాదన. భయం నిజమైనది, మందు తప్పు. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలో నడవగలదని కంపెనీ చెబుతుంది. ఆ హద్దుని నిర్ణయించే వాటిలో ముఖ్యమైనది ఇంజిన్ గాలి పీల్చుకునే చోటు ఎంత ఎత్తులో ఉందన్నది. టైరు వల్ల కలిసొచ్చేది 21 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు. నిలిచిన నీటిలో ఆ బొటనవేలు ఏ నిర్ణయాన్నీ మార్చకూడదు. పారే నీటిలో అయితే లెక్కే వేరు: రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలనూ పికప్‌లనూ కూడా తోసుకుపోగలదని అమెరికా జాతీయ వాతావరణ సేవ ఏళ్ల తరబడి హెచ్చరిస్తోంది. లావు టైరులో గాలి ఎక్కువ కాబట్టి నీటిలో బండిని అది కాస్త తేల్చనూ తేలుస్తుంది. పైగా పెద్ద చక్రాల బండి అలలు లేపుతూ వెళ్తుంటే పక్కన స్కూటర్ తోసుకుంటూ నడిచే డెలివరీ కుర్రాడి పరిస్థితి ఏమిటో కూడా ఆలోచించాలి.

రెండో జవాబు వారాంతం. శని, ఆదివారాలు శంకర్‌పల్లి వైపో, వికారాబాద్ అనంతగిరి వైపో మట్టిదారులు వెతుక్కుంటూ వెళ్లేవాళ్లున్నారు, వాళ్లకి పెద్ద టైరు అవసరం కాదా? ఈ అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, ఎందుకంటే బండిని అది పుట్టిన పనికి వాడుతున్నవాళ్లు వీళ్లే. వీళ్ల విషయంలోనూ నా వాదన మారదు, ఇంకా బలపడుతుంది. మట్టిలో, ఇసుకలో బండి కూరుకుపోకుండా కాపాడే ఉపాయాల్లో అన్నిటికన్నా చవకది టైరులో గాలి ఒత్తిడి తగ్గించడం. 18 పీఎస్‌ఐకి దించితే టైరు నేలని పొడుగ్గా హత్తుకుంటుంది. ఎత్తయిన సైడ్‌వాల్ ఉన్న టైరుకే ఈ పని నిర్భయంగా చేయగలం. 20 అంగుళాల రిమ్ మీద చేస్తే తొలి రాయికే రిమ్ సొట్టపోతుంది. కాకపోతే తిరిగి తారురోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి, అది సరదా మాట కాదు. నీరు నిలిచిన రోడ్డు మీద టైరు ఏ వేగం దగ్గర నేల వదిలి తేలుతుందో 1960ల్లో నాసా పరిశోధకులు లెక్క తేల్చారు. విమానాల టైర్ల కోసం కట్టిన ఆ సూత్రం ప్రకారం టైరు ట్రెడ్‌లోని గాడులు తోడలేనంత నీరు ఉన్నప్పుడు 30 పీఎస్‌ఐ టైరు గంటకు సుమారు 91 కిలోమీటర్ల దగ్గర, 18 పీఎస్‌ఐ టైరు సుమారు 71 దగ్గర పట్టు వదులుతుంది. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగ పరిమితిని 120కి పెంచారు. అడవి దారిలో తగ్గించిన గాలితోనే వానలో ఔటర్ ఎక్కితే ఏం జరగవచ్చో ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. అనంతగిరికి వెళ్లేవాళ్లు ముందు కొనాల్సిన సామాను బండిలో పెట్టుకునే గాలి పంపు, ఒక మంచి గేజీ.

ఔటర్ మాట వచ్చింది కాబట్టి మూడో అభ్యంతరం. పలచని సైడ్‌వాల్ టైరు మలుపుల్లో ఊగదు, స్టీరింగ్ చెప్పినట్టు వింటుంది, కంపెనీలే అందుకు పెద్ద రిమ్‌లు ఇస్తున్నాయి కదా? అది నిజమే. కింద పాకే స్పోర్ట్స్ కారుకి అది గొప్ప సుగుణం. ఎత్తుగా, ఛాసిస్ మీద నిలబడి, వెనక గట్టి ఇరుసుతో నడిచే బండి ఆ సుగుణాన్ని వాడుకోగలిగింది తక్కువ. ఇలాంటి బండిని మలుపులో దాని హద్దు దాకా తోయడమే ప్రమాదం. కంపెనీ 19 అంగుళాలు ఇచ్చినప్పుడు దానికి తగ్గట్టు డ్యాంపర్లూ బుష్‌లూ చూసుకుంటుంది, స్థిరత్వాన్ని కాపాడే ఈఎస్‌సీని ఆ చక్రాలతోనే పరీక్షించి సరిచేస్తుంది. దుకాణంలో జాకీ ఎత్తి అరగంటలో బిగించే 20 అంగుళాలకి ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. షోరూమ్‌లో 19 అంగుళాల రకం, 18 అంగుళాల రకం రెండూ ఉంటే కిందిదే ఈ నగరానికి మంచిదని నేను గట్టిగా చెబుతాను. ఆ రకంలో ఫలానా సౌకర్యం లేదంటే అది వేరే సంగతి.

చివరిగా వినపడేది, నా డబ్బు నా బండి. రుచి ఎవరిదివారిదే, అందులో వేలు పెట్టను. కానీ రోడ్డు అందరిదీ కాబట్టి చట్టం కొంత గీత గీసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు రిజిస్ట్రేషన్ వివరాలు తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళకి చెందిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని కచ్చితంగా పాటించాల్సిందేనని తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానిపై 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాసింది. ఆర్‌సీ కార్డు మీద టైరు సైజే ఉండదుగా అని దుకాణదారు నవ్వేయవచ్చు. ఆ వాదన ప్రమాదం జరిగిన రోజున బీమా సర్వేయర్ ముందు ఎంతవరకు నిలుస్తుందన్నది అసలు ప్రశ్న. ముందుగా చెప్పని మార్పు క్లెయిమ్‌ని వివాదంలోకి ఈడుస్తుంది. కంపెనీ అదే మోడల్‌లో ఏదో ఒక రకానికి ఇచ్చిన సైజులకి కట్టుబడితే ఈ తలనొప్పే ఉండదు. చట్టం కంటే నన్ను ఎక్కువ కదిలించేది ఇంకొకటుంది. ఫెండర్ దాటి బయటికి పొడుచుకొచ్చిన టైరు కంకర రాళ్లని వెనక్కి విసురుతుంది. సాయంత్రం ఆరింటికి సైబర్ టవర్స్ నుంచి కొత్తగూడ దాకా ఆ బండి వెనక ఉండేది మరో థార్ కాదు, అద్దం లేని హెల్మెట్ పెట్టుకున్న బైకు మనిషి.

పెద్ద టైర్లకి ప్రపంచంలో నిజమైన పుట్టిల్లు ఐస్‌లాండ్. మంచు మైదానాల మీద తేలిపోయేలా నడవడానికి అక్కడివాళ్లు దశాబ్దాలుగా 38, 44 అంగుళాల టైర్లు వాడుతున్నారు. అక్కడ టైరు ఒక్కటే మారదు. ఇరుసులో పళ్లచక్రాల నిష్పత్తి మారుస్తారు, మీటరు సరిచేస్తారు, మార్చిన బండిని తనిఖీ చేయించి నమోదు చేయిస్తారు. నేల అడిగింది కాబట్టి బండి మొత్తాన్నీ మార్చారు. నేల అడగనప్పుడు, బండికీ టైరుకీ గాలికీ పొత్తు కుదరనప్పుడు ఏమవుతుందో అమెరికా చూసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లని వెనక్కి పిలిచింది. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీల కింద ఉన్నవే. ఫోర్డ్ చెప్పిన గాలి 26 పీఎస్‌ఐ, టైరు కంపెనీ కోరింది 30. తయారీ లోపాలు, ఎండ, వేగం, తక్కువ గాలి కలిసి ట్రెడ్ ఊడిపోయేది, ఎత్తయిన బండి పల్టీ కొట్టేది. 271 మరణాలకి ఆ టైర్లతో సంబంధం ఉందని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్కగట్టింది. అవి పెద్ద పెద్ద కంపెనీల ప్రయోగశాలలు దాటి వచ్చిన టైర్లు, అయినా నాలుగు పీఎస్‌ఐ తేడా దగ్గర మాట పడింది. మే నెల ఎండలో ఔటర్ మీద నడిచే మన బండికి ఎవరూ పరీక్షించని సైజు వేసినప్పుడు ఎంత గాలి పెట్టాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉండదు. డ్రైవరు తలుపు చట్రం మీద అతికించిన చీటీలోని అంకె పాత టైరుకి రాసింది.

కాబట్టి టైర్లు అరిగి మార్చే వేళ వచ్చినవాళ్లకి నా మాట ఇది. కంపెనీ సైజులో మంచి హెచ్‌టీ (హైవే) లేదా ఏటీ (అన్ని దారులకూ) టైరు చాలు. ఎంటీ (బురద) టైరు వానలో తారు మీద జారుతుంది, హోరుమంటుంది, రోజూ ఆఫీసుకి వెళ్లే బండికి అది శిక్ష. మార్పు కావాల్సిందే అనుకుంటే 18 అంగుళాల థార్‌కి అదే మోడల్‌లో కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల 245/75 ఉంది: చక్రం ఎత్తు 15 మిల్లీమీటర్లు తగ్గుతుంది, సైడ్‌వాల్ 18 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రిమ్ మార్చేటప్పుడు అది బ్రేకు కాలిపర్‌కి తగలకుండా ఉందో లేదో తిప్పి చూడాలి. చిన్నపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15. అదే రిమ్ మీద 215/75 ఎక్కిస్తే చక్రం ఎత్తు పెరిగేది ఒకటిన్నర శాతమే, లోహం ఏమీ పెరగదు. 235/75 దాకా పోతే ఆరు శాతానికి చేరువై, పైన చెప్పిన కష్టాలన్నీ మొదలవుతాయి. ఏది వేయించినా టైరు మీద ఐఎస్‌ఐ గుర్తు ఉండాలి. బరువు సూచిక కంపెనీ టైరుకి తగ్గకూడదు. 111 అంటే ఒక టైరు 1,090 కిలోలు మోస్తుంది, 100 అంటే 800 కిలోలే. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు చూడాలి: 2324 అంటే 2024లో 23వ వారం. ఎంఆర్‌ఎఫ్ సదాశివపేటలో, అపోలో తిరుపతి జిల్లా చినపాండూరులో టైర్లు చేస్తున్న రోజుల్లో ఎక్కడో గోదాములో ఏళ్లు నిలవున్న టైరు మనకెందుకు? ఈ వివరాలన్నీ, పెట్టాల్సిన గాలి ఒత్తిడితో సహా, బిల్లు మీద రాసి ఇమ్మని అడగాలి. రవాణా శాఖ దీన్ని దుకాణాలకు తప్పనిసరి చేస్తే, సైజు మార్చిన ప్రతి బండికీ బాధ్యత వహించే సంతకం ఒకటి కాగితం మీద ఉంటుంది. ఇవాళ ఆ సంతకం ఎవరిదీ లేదు.